సముద్రం దాటిన సఖ్యాలు – 6: మదనపల్లె నుంచి లాహోరు దాకా

క్రితం భాగంలో పండిత రమాబాయి వెంట ఇంగ్లండు, అమెరికా చుట్టి వచ్చాం. 1887లో బోస్టన్‌లో ఆమె పేరిట ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం పోగుచేసిన చందాలతో 1889లో బొంబాయిలో శారదా సదనం తలుపులు తెరిచింది. చందాల వెంటే అనుమానాలూ వచ్చాయి. ఇచ్చేవారు ఆ ఒడ్డున, పుచ్చుకునేవారు ఈ ఒడ్డున ఉన్న బంధం అది. ఇప్పుడు చెప్పుకోబోయే బంధం తీరు వేరు. ఇందులో పరాయి దేశపు మనిషి తానే ఇక్కడికి వచ్చి కూర్చుంది. ఉత్తరాలు రాసింది, సర్క్యులర్లు పంచింది, సభలకు మనుషుల్ని పోగుచేసింది, ఆఖరికి ఇక్కడి జైలుకే వెళ్ళింది. ఆ కథ మొదలైంది మద్రాసులోనో కలకత్తాలోనో కాదు. మన మదనపల్లెలో.

మార్గరెట్ కజిన్స్ 1878లో పశ్చిమ ఐర్లండులోని బాయిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. డబ్లిన్‌లో సంగీతం చదివి పట్టా పుచ్చుకుంది. జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్ళాడింది. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ స్త్రీల ఓటు హక్కు కోసం ఒక సంఘం పెట్టింది. 1910 నవంబరులో లండన్ పార్లమెంటు ముందు జరిగిన ప్రదర్శనకు డబ్లిన్ నుంచి వెళ్ళి, హాలోవే జైల్లో నెల రోజుల శిక్ష అనుభవించింది. 1913 జనవరిలో డబ్లిన్ కోట కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు టల్లమోర్ జైలుకు వెళ్ళి, అక్కడ నిరాహార దీక్షకు కూర్చుంది. అంటే ఈ దేశంలో అడుగు పెట్టేనాటికే ఆమె రెండు జైళ్ళు చూసిన మనిషి. ఆ రెండూ బ్రిటిష్ ప్రభుత్వపు జైళ్ళే. తర్వాత ఆమె నడిచిన దారి అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మనల్ని ఏలుతున్నవారే ఆమె దేశాన్నీ ఏలుతున్నారు.

దివ్యజ్ఞాన సమాజం పరిచయంతో ఈ దంపతులు 1915లో మద్రాసు వచ్చారు. జేమ్స్ అనీ బిసెంట్ నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో చేరాడు. మరుసటి ఏడాది ఈస్టరు వారంలో డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. అందులో పాల్గొన్న కవులను మెచ్చుకుంటూ ఆయన ఒక వ్యాసం రాశాడు. అప్పటికే ఆ పత్రిక మీద ప్రభుత్వం కన్నేసి ఉంది. బిసెంట్‌కు ఆయన్ను పత్రిక నుంచి తప్పించక తప్పలేదు. మదనపల్లెలో కొత్తగా వెలసిన దివ్యజ్ఞాన కళాశాలకు పంపింది. డబ్లిన్ వీధుల్లో పేలిన తుపాకుల చప్పుడు చివరికి ఒక ఐరిష్ స్త్రీని అప్పటి మన చిత్తూరు జిల్లాకు చేర్చింది.

మదనపల్లెలో మార్గరెట్ పాఠాలు చెప్పింది. 1916లో ఊరి స్త్రీలతో కలిసి అబలాభివర్ధినీ సమాజం మొదలుపెట్టింది. చిన్న ఊళ్ళో చిన్న సమాజం. చరిత్ర పుస్తకాల్లో దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. కానీ ఆ తర్వాత దేశమంతటా అల్లుకున్న ఒక పద్ధతికి మొదటి నమూనా అదే అని నా అభిప్రాయం. స్త్రీలు తమ ఊళ్ళోనే, తమకు వీలైన పూట, తమ భాషలో కలుసుకోవాలి. తమకు ఏం కావాలో తామే చెప్పుకోవాలి. బయటినుంచి వచ్చినవారి పని ఆ కలయికకు వీలు కల్పించడం, ఆ మాటను పై ఊరికి చేరవేయడం.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మార్గరెట్ వచ్చేనాటికి ఆంధ్రదేశంలో స్త్రీల సమాజాలు లేవనుకుంటే పెద్ద పొరపాటు. 1902 ప్రాంతానికే భండారు అచ్చమాంబ ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని నిలబెట్టింది. ‘హిందూ సుందరి’ పత్రిక 1902 నుంచే వస్తోంది. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ ‘సావిత్రి’ నడిపింది. అచ్చమాంబ 1905లోనే కన్నుమూసింది కాబట్టి ఆమె, మార్గరెట్ ఒకరినొకరు చూసుకునే అవకాశమే లేకపోయింది. అయినా అచ్చమాంబలాంటివారు తొక్కిన దారి లేకపోతే, పిలవగానే పదిమంది స్త్రీలు చాప మీదికి వచ్చి కూర్చోవడం అంత తేలిగ్గా జరిగేది కాదు. మార్గరెట్ తెచ్చింది చైతన్యం కాదు. చైతన్యం ఇక్కడే ఉంది. ఆమె తెచ్చింది ప్రభుత్వంతో తలపడే అనుభవం. వినతిపత్రం ఎలా రాయాలి, మంత్రిని ఎప్పుడు అడగాలి, పత్రికలకు ఏ వార్త పంపాలి, కాదంటే మళ్ళీ ఏ తలుపు తట్టాలి అన్నవి ఆమెకు కొట్టిన పిండి.

మదనపల్లె అనగానే మనకు 1919 ఫిబ్రవరి గుర్తొస్తుంది. టాగూర్ అక్కడ బస చేయడం, ‘జనగణమన’ పాడి వినిపించడం, మార్గరెట్ దాని స్వరాలు రాసుకోవడం బడిపిల్లలకు కూడా తెలుసు. తెలుగునాట ఆమె పేరు ఆ ఒక్క రోజుకే పరిమితమైపోయింది. ఆమె చేసిన మిగతా పని తెలియకుండా పోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ మిగతా పని 1917 మే 8న అడయారులో ఒక రూపానికి వచ్చింది. ఆ రోజు విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. అనీ బిసెంట్ అధ్యక్షురాలు. మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస నడిపించేవారు. డొరొతీ ఇంగ్లండు స్త్రీ, సింహళీయుణ్ణి పెళ్ళాడింది. వాళ్ళతోపాటు మాలతీ పట్వర్ధన్, అమ్ము స్వామినాథన్ వంటి మన స్త్రీలు. ఏ దేశం స్త్రీ అయినా ఇక్కడ ఉంటే చాలు, సభ్యత్వం ఇచ్చారు. 1918 నుంచి ‘స్త్రీ ధర్మ’ అనే పత్రిక తెచ్చారు. అది ప్రధానంగా ఇంగ్లీషులో వచ్చినా హిందీ, తమిళ, తెలుగు రచనలకు కూడా చోటుండేది. ఇతర దేశాల్లో స్త్రీలకు ఓటు వచ్చిన వార్తలు, మన శాఖల వార్తలు ఒకే సంచికలో పక్కపక్కనే పడేవి. ఎక్కడో జరిగే పోరాటం తమదేనని పాఠకురాలికి తోచేలా చేయడంలో ఆ పక్కపక్క కూర్పు ఎంత పని చేసిందో ఊహించుకోవచ్చు.

1917 ఆగస్టులో భారత మంత్రి మాంటేగ్ రాజ్యాంగ సంస్కరణల ప్రకటన చేసి, ఆ చలికాలంలో తానే ఇక్కడికి వచ్చాడు. స్త్రీల విద్య గురించి మాట్లాడటానికి మార్గరెట్ అనుమతి అడిగింది. రాజకీయ విషయాల మీద వచ్చే బృందాలనే మంత్రి కలుస్తాడని జవాబు వచ్చింది. ఆమె వెనక్కి తగ్గలేదు. అయితే రాజకీయమే అడుగుదామని, పురుషులకు ఓటు ఏ షరతుల మీద ఇస్తారో అవే షరతుల మీద స్త్రీలకూ ఇవ్వాలన్న కోరికను వినతిలో చేర్చింది. ఆ ఒక్క వాక్యం భారతీయ స్త్రీల ఓటు ఉద్యమానికి నాంది.

డిసెంబరులో మద్రాసులో మంత్రి ఎదుట బృందం హాజరైంది. ముందు నిలబడి మాట్లాడింది సరోజినీ నాయుడు. హైదరాబాదు బిడ్డ, తెలుగింటి కోడలు, ఇంగ్లండులో చదువుకున్న కవయిత్రి, అప్పటికే కాంగ్రెస్ వేదికల మీద పేరు మోసిన వక్త. వినతి రాయడంలో అనుభవం ఎవరిదైనా, గొంతు మాత్రం సరోజినిదే కావాలన్నది ఆ బృందం నిర్ణయం. నా దృష్టిలో ఈ కథకంతటికీ ఇరుసు ఇదే. ఆ రోజు మార్గరెట్ ముందుకు వచ్చి మాట్లాడి ఉంటే, లండన్ నుంచి దిగుమతి అయిన కోరిక అని ఒక్క మాటతో మంత్రి పక్కన పెట్టేసేవాడు.

అయినా పక్కన పెట్టారనుకోండి. 1918 మాంటేగ్–చెమ్స్‌ఫర్డ్ నివేదికలో స్త్రీల ఓటు ఊసే లేదు. ఓటర్ల అర్హతలు తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ, ఈ దేశపు సాంఘిక పరిస్థితుల్లో స్త్రీలకు ఓటు ఇప్పుడే తగదని తేల్చింది. 1918లో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ ప్రత్యేక సమావేశం స్త్రీల ఓటును బలపరిచిందన్న సంగతి వాళ్ళకు పట్టలేదు.

1919లో పోరాటం లండన్‌కు మారింది. సరోజినీ నాయుడు, అనీ బిసెంట్ పార్లమెంటు సంయుక్త కమిటీ ముందుకు వెళ్ళారు. బొంబాయి నుంచి హీరాబాయి టాటా, ఆమె కూతురు మిథాన్ కూడా ఓడ ఎక్కారు. హీరాబాయి ఈ దారిలోకి వచ్చిన తీరు చూడండి. 1911లో కాశ్మీరులో సెలవులు గడుపుతుండగా ఆమెకు సోఫియా దులీప్ సింగ్ ఎదురైంది. పంజాబును పోగొట్టుకున్న మహారాజా దులీప్ సింగ్ కూతురు, విక్టోరియా రాణికి ధర్మపుత్రిక, లండన్ వీధుల్లో ఓటు కోసం పోలీసులతో పెనుగులాడిన స్త్రీ. ఆమె పెట్టుకున్న ‘స్త్రీలకు ఓటు’ బిళ్ళ చూసి హీరాబాయి ఆరా తీసింది. 1910 నవంబరులో లండన్ పార్లమెంటు ముందుకు వెళ్ళినవారిలో సోఫియా ఉంది, మార్గరెట్ కూడా ఉంది. ఒకే ప్రదర్శనలో నడిచిన ఇద్దరిలో ఒకరు మదనపల్లె మీదుగా, ఇంకొకరు కాశ్మీరు మీదుగా మన ఓటు ఉద్యమానికి మనుషుల్ని అందించారన్నమాట.

తల్లీకూతుళ్ళు బ్రిటన్ ఊళ్ళు తిరిగి ప్రసంగాలు చేశారు. ఏడాది ముందే ముప్పై ఏళ్ళు దాటిన స్త్రీలకు ఓటు సాధించుకున్న బ్రిటిష్ సంఘాలు వాళ్ళకు వేదికలిచ్చాయి, తీర్మానాలు చేసి ప్రభుత్వానికి పంపాయి. ఆనాటి బ్రిటిష్ స్త్రీల సాయంలో నాకు నచ్చేది అదే. తాము ఆహ్వానించిన వేదిక మీద భారతీయ స్త్రీని మాట్లాడనిచ్చారు. 1919 చట్టం చివరికి బంతిని మన రాష్ట్రాల శాసనసభల వైపు నెట్టింది. కావాలంటే మీరే తీర్మానం చేసుకుని ఇచ్చుకోండని చెప్పింది. 1921లో మద్రాసు శాసనసభ ఆ తీర్మానం చేసింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలన్నిటిలో అదే మొదటిది. బొంబాయి వెంటనే అనుసరించింది. మిథాన్ టాటా మాత్రం లండన్‌లో ఉండిపోయి బారిస్టరు చదివి వచ్చింది.

ఈ గెలుపును కొలతతో చూడాలి. ఓటు ఆస్తిని బట్టి. స్త్రీల పేరిట ఆస్తి ఎక్కడిది? ఓటరు పట్టీకెక్కిన స్త్రీలు మొత్తం స్త్రీలలో నూటికి ఒకరు కూడా కారు. పొలంలో నాట్లు వేసే స్త్రీకి, మిల్లులో నూలు వడికే స్త్రీకి ఆ తీర్మానంతో ఏమీ ఒరగలేదు. అడయారు తోటల్లో కూర్చున్న ఇంగ్లీషు చదువుల స్త్రీల నడుమ దేశాల గోడలు కూలాయి గానీ, వాళ్ళకూ పక్క పేటలోని పనిమనిషికీ మధ్య గోడ అలాగే ఉంది.

1926లో స్త్రీలు శాసనసభకు పోటీ చేయవచ్చన్నారు. మంగుళూరు స్థానానికి కమలాదేవీ చట్టోపాధ్యాయను పట్టుబట్టి నిలబెట్టింది మార్గరెటే. స్వల్ప తేడాతో ఓడిపోయినా, శాసనసభకు పోటీ చేసిన తొలి భారతీయ స్త్రీగా కమలాదేవి నిలిచింది. ఆ ఏడాదే మార్గరెట్ దేశంలోని స్త్రీ సంఘాలన్నిటికీ ఉత్తరాలు పంపింది. ఆడపిల్లల చదువు ఎలా ఉండాలో ఎక్కడికక్కడ సభలు పెట్టుకుని తేల్చమంది. ఆ సభల ప్రతినిధులు 1927 జనవరిలో పూనాలో కలిశారు. బరోడా మహారాణి చిమ్నాబాయి అధ్యక్షత వహించింది. అలా పుట్టిందే అఖిల భారత మహిళా సభ. సరిగ్గా అప్పుడే డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టి, ఉపాధ్యక్షురాలిగా ఎన్నికైంది.

అంతా చక్కగా సాగుతోందనుకున్న ఆ 1927లోనే ఒక పుస్తకం పిడుగులా పడింది. క్యాథరీన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి ఇక్కడ కొన్ని నెలలు తిరిగి వెళ్ళి ‘మదర్ ఇండియా’ రాసింది. బాల్య వివాహాలు, పసితనపు కాన్పులు, మంత్రసానుల చేతుల్లో చావులు అన్నీ ఏకరువు పెట్టి, ఇలాంటి జాతి స్వపరిపాలనకు తగదని తేల్చింది. దేశం అట్టుడికిపోయింది. పురుష నాయకులు చాలామంది కోపంతో ఎదురు పుస్తకాలు రాశారు. స్త్రీల సంఘాలు మాత్రం ఇంకొక పని చేశాయి. అందుకే వాళ్ళ తెలివికి నేను నమస్కరిస్తాను. మద్రాసు నిరసన సభకు ముత్తులక్ష్మి అధ్యక్షత వహించింది. పుస్తకం చేసిన తీర్పును ఖండించారు. కానీ బాల్య వివాహాలు లేవని అబద్ధమాడలేదు. ఉన్నాయి, వాటిని ఆపే చట్టం కావాలని మేమే అడుగుతున్నాం, అడ్డుపడుతున్నది ఛాందసులూ తటపటాయించే ప్రభుత్వమూ అన్నారు. బాల్య వివాహాలను ఆపడానికి హరవిలాస్ శారదా తెచ్చిన బిల్లు వెనుక బలంగా నిలబడ్డారు. దేశమంతా తిరిగి సాక్ష్యాలు సేకరించిన సమ్మతి వయస్సు కమిటీలో రామేశ్వరీ నెహ్రూ సభ్యురాలు. 1929 సెప్టెంబరులో బిల్లు చట్టమైంది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. పెళ్ళికి కనీస వయసు ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18. అమలులో ఎన్ని లొసుగులున్నా, దేశంలోని స్త్రీలంతా ఒక్క గొంతుతో అడిగి తెచ్చుకున్న మొదటి చట్టం అది.

చట్టం పుట్టిన వారం పది రోజులకే లండన్‌లో ఇంకో కథ నడిచింది. ఎలినోర్ రాత్‌బోన్ ఆనాటి బ్రిటిష్ స్త్రీ నాయకుల్లో ముందు వరుస మనిషి. ఆ ఏడాదే పార్లమెంటుకు ఎన్నికైంది. మేయో పుస్తకం చదివి నిజంగానే కలత చెందింది. ఈ దేశాన్ని ఏలుతున్నది తమ ప్రభుత్వం కాబట్టి ఇక్కడి ఆడపిల్లల కష్టానికి తమకూ బాధ్యత ఉందని నమ్మింది. 1929 అక్టోబరు 7, 8 తేదీల్లో కాక్స్‌టన్ హాలులో భారత స్త్రీల స్థితి మీద సమావేశం ఏర్పాటు చేసింది. వక్తల పట్టీ చూస్తే అందరూ బ్రిటిష్ వారే. చాలామంది ఈ దేశం ముఖం కూడా చూడనివారు.

శ్రోతల్లో ధన్వంతీ రామారావు ఉంది. హుబ్లీలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, భర్త ఉద్యోగరీత్యా లండన్‌లో ఉంటున్న స్త్రీ. ఆమె లేచి మాట్లాడే అవకాశం అడిగింది. మా సాంఘిక దురాచారాల మీద మీరు మీలో మీరే సభ పెట్టుకునే హక్కు ఎక్కడిదని నిలదీసింది. అక్కడ మా స్త్రీలు ప్రతి రాష్ట్రంలోనూ ఈ పనిలోనే ఉన్నారని, మీ నుంచి నైతిక మద్దతు చాలని, మార్గం చూపే బాధ్యత మీకు ఎవరూ అప్పగించలేదని చెప్పింది. సభ ఇబ్బంది పడింది. రాత్‌బోన్ నొచ్చుకుంది కూడా.

రాత్‌బోన్‌ను దుర్మార్గురాలిగా చూడటం నాకు ఇష్టం లేదు. ఆమె ఆవేదన నిజం. 1932లో ఇక్కడికి వచ్చి స్త్రీ నాయకులను కలిసింది, ఉత్తర ప్రత్యుత్తరాలు ఆపలేదు. కానీ స్త్రీలకు ఓటెలా రావాలన్న ప్రశ్న మీద ఆమె పట్టు విడవలేదు. ఆస్తిపరుల భార్యలకు ఓటు ఇవ్వాలి, చట్టసభల్లో స్త్రీలకు సీట్లు కేటాయించాలి అని ఆమె వాదం. వయోజనులందరికీ ఓటు కావాలి, మాకు ప్రత్యేక సీట్లు వద్దు అని ఇక్కడి సంఘాల మాట. దారులు ఎంత దూరమయ్యాయో 1941లో తెలిసింది. యుద్ధంలో బ్రిటన్‌కు అండగా నిలవలేదని భారతీయులను మందలిస్తూ ఆమె బహిరంగ లేఖ రాసింది. దానికి మంచం పట్టిన టాగూర్ నుంచి కఠినమైన జవాబు వెళ్ళింది.

కాక్స్‌టన్ హాలు సంగతి చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. ఆ ప్రశ్న మన స్త్రీల వైపు కూడా తిరుగుతుంది. 1927 నుంచి ముత్తులక్ష్మి దేవదాసీ విధానం మీద శాసనమండలిలో పోరాడింది. ఆమె తల్లి చంద్రమ్మాళ్ ఆ సమాజం నుంచి వచ్చినదే. బాలికలను గుడికి అర్పించి బతుకును బలిపెట్టే ఆచారం మీద ఆమె కోపం పుస్తకాల నుంచి పుట్టింది కాదు. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఆమెకు పూర్తి అండగా నిలిచింది. అదే సమయంలో మద్రాసు దేవదాసీలు ప్రభుత్వానికి విజ్ఞాపనలు పెట్టుకున్నారు. మమ్మల్ని వేశ్యలతో జమకట్టకండి, మాకు చదువులు పెట్టండి, చట్టంతో మా హక్కులు లాక్కోకండి అన్నారు. ఆ గొంతుల్లో బెంగళూరు నాగరత్నమ్మది ఒకటి. 1910లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను పూర్తి పాఠంతో అచ్చు వేయించి, ఆ పుస్తకం నిషేధానికి గురైతే తట్టుకుని నిలబడ్డ విదుషీమణి ఆమె.

ఆ సమాజమంతా ఒకే మాట మీద లేదు. తెలుగు కళావంతుల కుటుంబం నుంచి వచ్చిన యామినీ పూర్ణతిలకం సంస్కరణ వైపు నిలిచింది. తమిళనాట మూవలూరు రామామృతం అమ్మయ్యారూ అంతే. చట్టం అవసరమే. 1929లో దేవదాసీల ఇనాముల మీద చట్ట సవరణ, చివరికి 1947లో పూర్తి చట్టం వచ్చాయి. అవి రాకపోతే ఎందరో పసిపిల్లల బతుకులు ఏమయ్యేవో. అయినా మమ్మల్ని కూర్చోబెట్టి అడగండని లండన్‌లో అడిగిన స్త్రీలు, మద్రాసులో అదే మాట అడిగిన నాగరత్నమ్మకు పక్కన కుర్చీ వేయలేదు. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే ఘట్టం ఇది.

ఇక లాహోరు. ఆసియా దేశాల స్త్రీలంతా ఒకచోట కూడాలన్నది మార్గరెట్ ఆలోచన. అప్పటిదాకా అంతర్జాతీయ స్త్రీల మహాసభలంటే యూరపులోనో అమెరికాలోనో జరిగేవి. అజెండా వాళ్ళది, మనం అతిథులం. ఆహ్వానాలు భారతీయ స్త్రీ నాయకుల పేరిట ఆసియా అంతటికీ వెళ్ళాయి. తపాలాయే ప్రధాన సాధనంగా ఉన్న రోజులు. ఏ దేశంలో ఏ సంఘం ఉందో, ఎవరికి రాస్తే ఎవరికి అందుతుందో తెలుసుకోవడమే పెద్ద పని. 1931 జనవరి 19 నుంచి 25 వరకు లాహోరులో అఖిల ఆసియా మహిళా మహాసభ జరిగింది. బర్మా, సింహళం, జపాన్, పర్షియా, అఫ్ఘానిస్థాన్ నుంచి ప్రతినిధులు వచ్చారు. బర్మా నుంచి మ్యా సేన్ వచ్చింది. అదే ఏడాది లండన్‌లో జరిగిన బర్మా రౌండ్ టేబుల్ సమావేశానికి తన దేశపు స్త్రీల పక్షాన వెళ్ళింది ఆమే.

అధ్యక్షురాలిగా ఎన్నుకున్నది సరోజినీ నాయుడిని. ఆమె రాలేకపోయింది. ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయి జైల్లో ఉంది. ఇంకొకరిని ఆ స్థానంలో పెట్టడానికి బదులు, రోజుకొకరు చొప్పున వేర్వేరు దేశాల స్త్రీలు సభ నడిపారు. ఇబ్బందిలో పుట్టిన ఈ ఏర్పాటే మహాసభకు అందాన్నిచ్చింది. ఏ ఒక్క దేశమూ పెద్దరికం చేయని సభ అయింది. ముత్తులక్ష్మి వంతు కూడా వచ్చింది. చర్చలు ఉచిత నిర్బంధ ప్రాథమిక విద్య, బాల్య వివాహాలు, ఆస్తి, విడాకులు, పిల్లల మీద తల్లి హక్కు, స్త్రీల అక్రమ రవాణా చుట్టూ తిరిగాయి. బర్మా స్త్రీకి ఆస్తి, విడాకుల విషయంలో మనకు లేని స్వేచ్ఛ సంప్రదాయంగానే ఉందని పక్క దేశపు స్త్రీ నోట వినడం వేరు. ఇంగ్లండు స్త్రీ వచ్చి మీకు అది లేదు అని చెప్పడం వేరు. లాహోరు సభ ప్రత్యేకత ఇక్కడే ఉంది.

దాని లోపాలూ ఉన్నాయి. ఆసియా అంతా ఆధ్యాత్మికం, పడమర అంతా భౌతికం అన్న విభజనను నిర్వాహకులు ఎక్కువగా నమ్ముకున్నారు. దేశదేశానికీ, మతమతానికీ ఉన్న తేడాలను ఆ మాట కప్పేసింది. వచ్చినవారంతా ఇంచుమించు ఒకే తరగతి స్త్రీలు. రెండో మహాసభ పెట్టుకోవాలనుకున్నారు గానీ అది జరగనే లేదు. సభ ముగిసిన మర్నాడే గాంధీని, కాంగ్రెస్ కార్యవర్గాన్ని విడుదల చేశారు. పత్రికల పుటలన్నీ ఆ వార్తలతో నిండాయి.

మరుసటి ఏడాది అణచివేత ఆర్డినెన్సులు వచ్చాయి. మద్రాసులో గౌరవ మేజిస్ట్రేటుగా పనిచేసిన మార్గరెట్, ఆ ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా బహిరంగంగా మాట్లాడి ఏడాది శిక్ష తెచ్చుకుంది. హాలోవే, టల్లమోర్ తర్వాత ఈసారి వేలూరు. 1933లో ఆమె జైల్లో ఉండగానే ముగ్గురు భారతీయ స్త్రీలు లండన్ వెళ్ళి పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు కూర్చున్నారు. రాజకుమారి అమృత కౌర్ క్రైస్తవురాలు, షరీఫా హమీద్ అలీ ముస్లిం, ముత్తులక్ష్మీ రెడ్డి హిందువు. మతాలవారీగా స్త్రీల ఓట్లను, సీట్లను విడదీయవద్దని ముగ్గురూ కలిసి వాదించారు. వాదన నెగ్గలేదు. 1935 చట్టం అరవై లక్షల మందికి పైగా స్త్రీలకు ఓటు, రాష్ట్ర శాసనసభల్లో 41 సీట్లు ఇచ్చింది. ఆ సీట్లను మాత్రం మతాలవారీగా పంచింది. 1917లో మంత్రి ఎదుటికి వెళ్ళడానికి ఒక ఐరిష్ స్త్రీ ఉత్తరం కావలసి వచ్చింది. పదహారేళ్ళకు ఎవరి పరిచయమూ అక్కర్లేకుండా వెళ్ళారు.

ఆ మార్పును మార్గరెట్ గమనించింది. భారతీయ స్త్రీ నాయకులు ముందుకు వచ్చారని, ఇక తన ప్రత్యక్ష ప్రమేయం అవసరం లేదని, బహుశా వాళ్ళు కోరుకోవడమూ లేదని తనకు తోచిందని ఆత్మకథలో ఒప్పుకుంది. అందులో కొంచెం నొప్పి వినిపిస్తుంది. అయినా పక్కకు జరిగింది. 1936లో అఖిల భారత మహిళా సభ ఆమెనే అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. పిలిస్తే వచ్చింది, పని చేసింది. 1940ల్లో పక్షవాతం వచ్చాక అడయారులోనే ఉండి, 1954 మార్చిలో అక్కడే కన్నుమూసింది.

ఆ తరంలో ఇక్కడి నుంచి సముద్రం దాటి వెళ్ళిన స్త్రీలలో ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి ఒకరు. తెలుగువాడైన ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి భార్య. 1926లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ స్త్రీల ఓటు మహాసభకు వెళ్ళి వచ్చింది. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళింది. 1937లో మద్రాసు శాసనసభ డిప్యూటీ స్పీకరైంది.

1945 చివర, 46 మొదట్లో అఖిల భారత మహిళా సభ హైదరాబాదులో సమావేశమైంది. మన హైదరాబాదు కాదు, సింధులోది. ఆ ఏటి అధ్యక్షురాలు హంసా మెహతా. అక్కడ సిద్ధమైన స్త్రీల హక్కుల పత్రం వెంటబెట్టుకుని ఆమె ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల సంఘంలోకి అడుగుపెట్టింది. వచ్చే భాగంలో ఆమెతో కలిసి ఆ గదిలోకి వెళదాం.